గద్వాల వాళ్లకు చూసిపెట్టిన పాత కారు

ఈమధ్య మా వీధిలో పిల్లలెవరైనా పాత కారు కొనాలనుకుంటే ఫోను పట్టుకొని నా దగ్గరికి వస్తున్నారు. "పెద్దనాయనా, జర ఈ బండి చూడు" అని ఫోటోలు చూపిస్తారు. వేలితో జరుపుతుంటే కార్లు పెళ్లిచూపులకు తయారైనవాటిలా ఒకదాని వెనక ఒకటి మెరుస్తూ వస్తాయి. నేను కళ్లద్దాలు సర్దుకొని అన్నీ చూసి, "ఫోటో మంచిగుంది బిడ్డా, ఇగ బండి చూపియ్యి" అంటాను. వాళ్లకు నవ్వొస్తుంది. ముసలాయన ఫోనును నమ్మడనుకుంటారు. నేను కళ్లతో చూసిన బండిని కూడా నమ్మి మోసపోబోయినవాణ్ణని వాళ్లకు తెలియదు. ఆ సంగతే ఇప్పుడు చెబుతాను.

వనపర్తిలో కొత్తకోట రోడ్డు మీద ఒక కార్ల షెడ్డులో నా ఉద్యోగమంతా గడిచింది. ఉద్యోగమనే అంటాను. పింఛను లేదు, ప్రమోషను లేదు, సెలవు కావాలంటే ఓనరు ముఖం ఎట్లా ఉందో చూసుకొని అడగాలి. అయినా పొద్దున్నే షట్టరు ఎత్తగానే లోపలినుంచి వచ్చే ఆ ఆయిలు వాసన, రాత్రంతా చల్లబడ్డ ఇనుము వాసన ఇప్పటికీ అప్పుడప్పుడు నిద్రలో తగులుతుంది. మా ఆవిడకు ఆ వాసనంటే పడదు. నేను పని మానేసిన తర్వాత కూడా నా చొక్కాలు విడిగానే ఉతుకుతుంది.

షెడ్డులో ఇంజను పని నాది. రిపేర్లతో పాటు ఇంకో పని కూడా ఉండేది నాకు. పాత బండి కొనేవాళ్లు "మేస్త్రీ, జర వచ్చి చూడు" అని పిలుచుకుపోయేవారు. నా పద్ధతి ఒకటే. పొద్దున్నే పోవాలి, ఇంజను చల్లగా ఉండాలి. మనం వచ్చేసరికే అమ్మేవాడు బండి స్టార్టు చేసి వేడిచేసి పెట్టాడంటే ఏదో దాస్తున్నాడన్నమాట. చల్లటి ఇంజను స్టార్టు చేసినప్పుడు వచ్చే మొదటి పొగ, మొదటి చప్పుడు చాలా సంగతులు చెబుతాయి. కాళ్ల కింద పరిచిన మ్యాటు ఎత్తి తుప్పు చూడాలి. టైర్లు ఎటువైపు అరిగాయో చూడాలి. ఆ తర్వాతే కాయితాలు, ఆ తర్వాతే బేరం. ఇప్పటికీ ఇంతకంటే పెద్ద విద్య ఏమీ లేదు.

రంగు పని మాత్రం మా పెయింటరుది. అతను నా ఈడువాడు, నాకన్నా ముందే చెవుల దగ్గర నెరిశాడు. పుట్టింది గద్వాలలో, మగ్గాల ఇంట్లో. చిన్నప్పుడు వాళ్ల తాత పక్కన కూర్చొని దారాలకు రంగులద్దేవాడట. మగ్గం గుంతలో కూర్చోవడం ఇష్టం లేక కల్వకుర్తి పోయి, అక్కడ ఒక షెడ్డులో కార్ల రంగుపని నేర్చుకొని, చాలా ఏళ్లకు మా దగ్గరికి వచ్చాడు. రంగు కలపడంలో అతనిలాంటివాణ్ణి నేను మళ్లీ చూడలేదు. కంపెనీ డబ్బాలో వచ్చిన తెలుపును అట్లాగే వేసేవాడు కాదు. "ఈ బండి తెలుపు ఎండ తిన్నది. డబ్బల తెలుపు నీడపట్టున ఉన్నది. రెండు ఎట్ల కలుస్తయి?" అనేవాడు. గోటి మీద చుక్క పెట్టుకొని ఎండలోకి పోయి బండి పక్కన పట్టి చూసేవాడు. మళ్లీ వచ్చి కలిపేవాడు. పని అయిపోయాక బండి ఓనరును పిలిచి, "సొట్ట యాడుండెనో చెప్పు" అని అడగడం అతని సరదా. ఎవరూ చెప్పలేకపోయేవారు. ఆ రోజంతా అతను ఈల వేసుకుంటూ పనిచేసేవాడు.

అట్లాంటి రోజుల్లోనే గద్వాలనుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. నేతపని వాళ్లు. ఆయనకు ఏళ్లతరబడి మగ్గం గుంతలో కూర్చొని కూర్చొని మోకాళ్లు పట్టేశాయి. బస్సు మెట్టు ఎక్కబోయి పడి ఒక కాలు పూర్తిగా వంగకుండా అయింది. చీరలు నేయించడం, వాటిని వనపర్తి, కర్నూలు, హైదరాబాదు దుకాణాలకు చేర్చడం అంతా ఆవిడే చేసేది. ఒకసారి వానాకాలంలో షేర్ ఆటోలో మూట తడిసిందట. జరీ అంచుల చీరలు రంగు దిగి, దుకాణం వాళ్లు వద్దని వెనక్కి పంపారు.

"ఇంటికొచ్చి ఆ చీరలు ఆరేస్తుంటే ఏడుపొచ్చింది మేస్త్రీ" అంది ఆవిడ. "ఆ రోజే అనుకున్న. చిన్నదో పాతదో, కారు కొనాలె. ఈయనను దవాఖానకు తోల్కపోవాలన్నా గదే అక్కరకొస్తది. డ్రైవింగు నేర్చుకున్న, లైసెన్సు కూడ వచ్చింది."

ఆయన కొంచెం సిగ్గుగా నవ్వాడు. "మా అక్కాచెల్లెండ్లు నవ్వుతుండ్రు. గుంతల కూసునేటోళ్లకు కారెందుకు అని."

"నవ్వనీ. వానొస్తే వాళ్లను గూడ ఎక్కిచ్చుకుంట" అంది ఆవిడ.

మా షెడ్డు పక్క ఖాళీ జాగాలో పాత కార్లు పెట్టి అమ్మేవాడు ఒకాయన. మా ఓనరుకు స్వయానా బామ్మర్ది. ఆయన తెచ్చిన బండ్లకు రిపేర్లు, రంగులు అన్నీ మా దగ్గరే జరిగేవి. ఒక్కమాటలో చెప్పాలంటే మా షెడ్డులో సగం పని ఆయన పుణ్యమే. ఆవిడ అక్కడున్న ఒక తెల్ల చిన్న కారు మీద మనసుపడింది. ఆ బండి ఎక్కడో చేతులు మారి మారి, మా పెయింటరు ఊళ్లో లేనప్పుడే ఆయన దగ్గరికి వచ్చింది. నిజం చెప్పాలంటే చూడముచ్చటగా ఉంది. ఆ వయసు బండికి అంత శుభ్రమైన ఒళ్లు నేను తక్కువగా చూశాను.

చూడమని నన్నే అడిగారు. పొద్దున్నే పోయి స్టార్టు చేశాను. పొగ లేదు, చప్పుడు లేదు. మ్యాటు కింద తుప్పు లేదు. కాయితాలు సరిగ్గా ఉన్నాయి. ఆవిడను పక్కన కూర్చోబెట్టుకొని ఆత్మకూరు దాటి జూరాల కట్ట దాకా నడిపాను. కట్ట మీద రోడ్డు తిన్నగా ఉంటుంది కదా, అక్కడ స్టీరింగు మీద చేతులు వదులు చేసి చూశాను. బండి మెల్లగా ఎడమకు గుంజింది. తిరిగొచ్చి చూస్తే ఎడమ ముందు టైరు లోపలి అంచు మాత్రమే అరిగి ఉంది.

బామ్మర్దిని అడిగితే, "అలైన్‌మెంటు మేస్త్రీ, ఇంకేముంది. చేపిచ్చి ఇస్త" అన్నాడు. చేయించాడు కూడా. మళ్లీ నడిపితే మళ్లీ గుంజింది, ఈసారి కొంచెం తక్కువగా.

ఆవిడతో, "నాకు జర అనుమానం కొడుతుందమ్మా. కానీ ఏందో చెప్పలేకపోతున్న. ఒంటి మీద దెబ్బ తగిలిన జాడ యాడ లేదు. మా పెయింటరు రాయచూరుకు చుట్టాల పెళ్లికి పోయిండు, ఆయన వచ్చినంక చూపిద్దాం" అన్నాను.

కానీ బామ్మర్ది ఇంకో పార్టీ కాచుకొని ఉందన్నాడు. ఆవిడ గాభరాపడి ముందస్తుగా బయానా డబ్బు ఇచ్చేసింది. బండి తీసుకుపోవడానికి మంచిరోజు కూడా చూసుకున్నారు.

ఆ రోజు పొద్దున భార్యాభర్తలు, ఆవిడ ఆడబిడ్డ, అందరూ కొత్తబట్టలు కట్టుకొని వచ్చారు. ఆవిడ తాను నేయించిన ఆకుపచ్చ చీరే కట్టుకుంది. బండిని కడిగి మా షెడ్డు ముందు నిలిపాము. బంతిపూల దండ, పసుపు, కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు. మా ఓనరు పెద్దరికంగా నిలబడి అన్నీ అమరుస్తున్నాడు. సరిగ్గా అప్పుడే మా పెయింటరు రాయచూరు బస్సు దిగి, చేతిసంచితో తిన్నగా షెడ్డుకు వచ్చాడు.

"మంచిగొచ్చినవ్. ఆ ఎడమ డోరు కాడ గీత పడ్డట్టుంది, జర పాలిష్ కొట్టు" అన్నాడు ఓనరు.

అతను సంచి పక్కన పెట్టి, గుడ్డ తీసుకొని డోరు తెరిచి కూర్చున్నాడు. గీత తుడిచాడు. తుడుస్తూ తుడుస్తూ, ముందు అద్దానికీ డోరుకూ మధ్య ఉండే పిల్లరు మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత డోరు చుట్టూ ఉండే రబ్బరును కొంచెం లాగి లోపలికి చూశాడు. రబ్బరు మళ్లీ జాగ్రత్తగా నొక్కి, లేచి షెడ్డు వెనక నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోయాడు. నేను వెనకే పోయాను.

"ఏమైంది?"

"ఏం లేదు."

"ముఖం చూస్తే తెలుస్తలేదా? చెప్పు."

అతను చెంబుతో నీళ్లు ముఖాన కొట్టుకున్నాడు. "ఆ బండి నేను చేసిందే భాయ్. కల్వకుర్తిల ఉన్నప్పుడు. పత్తి లారీ ఎన్కకు పోయి గుద్దింది. ఎడమ పక్కంత పోయింది. ఆ పిల్లరు, కింద ఫ్లోరు, తుక్కుల ఉన్న ఇంకో బండివి కోసి అతికిచ్చిండ్రు. వెల్డింగు చేసినోడు వేరేటాయన, రంగు నాది. బండాయన ఇంటికి చేనుకు నడుమ తిప్పుకుంట, పెద్ద రోడ్డు ఎక్కియ్య అన్నడు. సరేనన్నం."

"నీదే అని ఎట్ల తెల్సింది? గిసొంటి తెల్ల బండ్లు ఎన్ని లేవు?"

"రబ్బరు కింద సొట్టలు నింపే లప్పం బొటనవేలితోని దిద్దుత నేను. ఎవరు చూడని జాగ అయినా గట్లనే దిద్దుత. నా వేలు నేను గుర్తువట్టనా?" నా వైపు చూడకుండా అన్నాడు: "నా పనుల్ల గదే అన్నిటికంటె మంచిపని భాయ్. నీకు గూడ దొరకలే."

ఆ మాటలో గర్వం ఉంది, ఏడుపు కూడా ఉంది. టైరు చెప్పింది, స్టీరింగు చెప్పింది, ఆ తెల్లటి ఒంటిని చూసి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"చెప్తె ఏమైతది?" అన్నాడతను.

"బామ్మర్ది మనకిచ్చే పని బంద్ అయితది. మన ఓనరుకు ఇంట్ల లొల్లి అయితది. ఇగ మన సంగతి నీకే తెల్సు."

అంతలో ముందునుంచి ఆవిడ కేక వేసింది. "అన్నా, రాండ్రి! కొబ్బరికాయ కొడుతున్నం!"

మేం వచ్చేసరికి కాయ పగిలింది. ఆవిడ డ్రైవరు సీటులో కూర్చొని చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. ఆడబిడ్డ, ఓనరు కలిసి ఆవిడ భర్తను చెరో రెక్క పట్టి ఎడమవైపు సీటులోకి ఎక్కిస్తున్నారు. వంగని కాలును రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టి, ఆయన హాయిగా వెనక్కి ఆనుకున్నాడు. పట్టు దొరకడానికి చెయ్యి చాచి ఆ పిల్లరునే పట్టుకున్నాడు.

మా పెయింటరు ఆ చేతిని చూశాడు. అంతే.

"పెద్దాయనా, దిగు. ఆ పక్క కూసోకు" అన్నాడు.

అందరూ నిమ్మకాయ సంగతేమో అనుకున్నారు. "ఎందుకన్నా, వర్జ్యమున్నదా?" అంది ఆడబిడ్డ.

"వర్జ్యం గాదమ్మా. ఈ బండి లారీని గుద్దింది. పెద్దాయన పట్టుకున్న కంబం ఇంకో బండిది. కోసి అతికిచ్చింది. రంగేసింది నేనే."

తర్వాత బామ్మర్ది ముందుకొచ్చాడు. "బావా, నీ పెయింటరుకు పెళ్లిల తాగింది ఇంక దిగనట్టుంది" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు చాలాసేపు నిలవలేదు. "ఏం సబూతు ఉన్నది, చూపియ్యి! ఊకె నోటికొచ్చినట్టు మాట్లాడుతవా? నేను కొన్నప్పుడు గిట్లనే ఉండె!"

అందులో అబద్ధమేమీ లేకపోవచ్చు. ఆయనకూ ఎవరో అట్లాగే అమ్మి ఉంటారు.

ఆవిడకు మాత్రం మా పెయింటరు మీదే కోపమొచ్చింది. దిగి వచ్చి ఎదురుగా నిలబడింది. "ముందుగాల చెప్తే ఏమైతుండె? బయానా ఇచ్చినప్పుడు చెప్పొద్దా? కొబ్బరికాయ కొట్టినంక, అందరి ముంగట చెప్తవా? ఇప్పుడు గద్వాలల నా ముఖం ఎట్ల చూపియ్యాలె?" ఆడబిడ్డ అప్పుడే ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతిని ఆవిడ విదిలించుకుంది.

అతను వెనక్కి తిరిగాడు. షెడ్డు లోపలికి పోయి గ్రైండరు తెచ్చాడు. తీగ ప్లగ్గులో పెట్టాడు.

"ఏయ్! నా బండి మీద చెయ్యేస్తే మర్యాద దక్కదు!" అని బామ్మర్ది అరిచాడు.

"నీ బండి నీదే సేటూ. రంగు నాది. నాది నేను తీసుకుంటున్న."

గ్రైండరు చప్పుడుకు రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగారు. తెల్లటి దుమ్ము లేచి బంతిపూల దండ మీద, అతని నెరిసిన జుట్టు మీద పడింది. తెలుపు పోయింది. కింద బూడిదరంగు పూత వచ్చింది. అదీ పోయింది. తర్వాత లప్పం, మందంగా, మట్టిలా రాలింది. దాని కింద వెల్డింగు అతుకు ముద్దలు ముద్దలుగా, మానిన పుండులా బయటపడింది. రబ్బరు కింద బొటనవేలితో దిద్దిన చోటికి వచ్చినప్పుడు అతను ఒక్క క్షణం ఆగాడు. నేను చూశాను. తర్వాత అది కూడా గీకేశాడు.

నాకు అప్పుడు ధైర్యం వచ్చింది. ధైర్యమనడం కూడా ఎక్కువే, ఊరికే నిలబడలేకపోయాను. జాకీ పెట్టి ఎడమవైపు ఎత్తి, కింద ఫ్లోరు అతుకు ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో అందరికీ చూపించాను. బండి ఎందుకు గుంజుతోందో చెప్పాను.

ఆవిడ వంగి, ఆ అతుకు మీద వేలు పెట్టి చూసింది. కోపం తగ్గినట్టు అనిపించింది. నేతపని మనిషి కదా, అడిగిన ప్రశ్న కూడా అట్లాంటిదే.

"అన్నా, ఒక్కమాట. మా గద్వాల చీరల అంచు వేరే, ఒళ్లు వేరే. ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండింటినీ కలిపి నేస్తం. మా చీరంత అతుకే గద. అతుకు ఉంటే తప్పా?"

మా పెయింటరు గ్రైండరు కింద పెట్టాడు. "మా తాత గూడ గట్లనే నేసెటోడమ్మా. మీ అతుకు గుంజినా ఊడదు. ఇది ఉత్త కంటికి పెట్టిన అతుకు. గుద్దితే ఆగదు. ఆ పక్కన కూసునేది మీ ఇంటాయన."

ఆవిడ తన భర్త వైపు చూసింది. ఆయన ఇంకా సీటులోనే ఉన్నాడు, ఎవరూ దింపలేదు. "జర నన్ను దింపుండ్రి" అన్నాడు మెల్లగా.

ఓనరు చేతిలో కొబ్బరిచిప్ప ఇంకా అట్లాగే ఉంది. బామ్మర్ది, "బావా, నువ్వన్న చెప్పు" అన్నాడు. ఓనరు చిప్పను బండి మీద పెట్టబోయి, ఎందుకో ఆగి, షెడ్డు గట్టు మీద పెట్టాడు. "బయానా వాపస్ ఇయ్యి" అన్నాడు. ఆయన నోట్లోంచి అంత చిన్నమాట రావడం నేను వినడం అదే మొదటిసారి.

ఆ తర్వాత జరిగినవి మీరు ఊహించుకోగలరు. బామ్మర్ది తన బండ్లన్నీ ఇంకో షెడ్డుకు పంపడం మొదలుపెట్టాడు. ఓనరు ఇంట్లో ఎన్ని రోజులు లొల్లి జరిగిందో ఆయన చెప్పలేదు, ఆయన టిఫిను మాత్రం చాలాకాలం హోటలు నుంచే వచ్చింది. షెడ్డులో మధ్యాహ్నాలు ఖాళీగా పడి ఉండేవి. మా ఓనరు ఎవరినీ మాన్పించలేదు, కానీ టీ తెప్పించినప్పుడల్లా ఒక మాట అనేవాడు. "తాగుండ్రి. మీ నిజం తోని వచ్చిన టీ ఇది. జర చక్కెర తక్కువుంటది." మేం తలవంచుకొని తాగేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే నా ఉద్యోగంలో నేను తాగిన మంచి టీలు అవే అనిపిస్తుంది. పని లేదు, భయముంది, అయినా ముగ్గురం ఒకే బల్ల మీద కూర్చునేవాళ్లం.

తెల్ల కారు పక్క జాగాలోనే నిలిచిపోయింది. గీకిన చోట వానకు తుప్పు పట్టి, దూరంనుంచే ఎర్రగా కనిపించేది. చూడ్డానికి వచ్చినవాళ్లు అదేమిటని అడిగేవారు. ఎవరూ కొనలేదు. చివరికి తుక్కు కింద పోయింది.

దసరా దాటాక గద్వాలనుంచి ఫోను వచ్చింది. "మేస్త్రీ, నాగర్‌కర్నూల్ల ఒక బండి ఉన్నదంట. నువ్వు రావాలె. పెయింటరన్నను గూడ తోల్కరా. ఈసారి కొబ్బరికాయ తేను" అంది ఆవిడ.

ఆవిడ, మా పెయింటరు, నేను ముగ్గురం గోపాల్‌పేట మీదుగా బస్సులో పోయాం. అమ్మే ఆయన పశువుల దవాఖానలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. బండి లేత నీలం రంగు, వేపచెట్టు కింద ఉంది, రంగు వెలిసిపోయింది. కుడి డోరు మధ్యలో అరచేయంత సొట్ట. మేము ఇంకా ఏమీ అడగకముందే ఆయన మొదలుపెట్టాడు.

"ఇగో ఇది బర్రె పొడిచింది. సూది ఎయ్యనీకె పోతే కోపమొచ్చింది దానికి. ఏసీ పనిచెయ్యదు, నేను బాగుచేపియ్యలే. ఆయిలు జర కారుతది, నెలకోపాలి చూసుకోవాలె. బ్యాటరీ మార్చుకోవాలె. లోపల మందుల వాసన వస్తది, ఎంత కడిగినా పోలే. ఇంకేమన్న ఉంటే మీరే చూసుకోండ్రి."

నాకు నవ్వొచ్చింది. ఇట్లా అమ్మేవాణ్ణి ఉద్యోగం మొత్తంలో చూడలేదు. ఇంజను చల్లగా ఉంది. స్టార్టు చేస్తే కొంచెం గునిసి అందుకుంది. పొగ మామూలుగానే ఉంది. టైర్లు నాలుగూ అరిగాయి, కానీ అన్నీ ఒకే తీరుగా అరిగాయి. నాకు ఆ అరుగుదల చూస్తేనే ప్రాణం లేచొచ్చింది. మా పెయింటరు నాలుగు డోర్ల రబ్బర్లు లాగి చూశాడు. బిగించిన బోల్టుల మీద కంపెనీ రంగు చెక్కుచెదరలేదు. తర్వాత ఆవిడే నడిపింది. బిజినపల్లి రోడ్డు మీద ఒకచోట తిన్నగా ఉంటే నేను, "చేతులు జర వదులు చెయ్యి" అన్నాను. ఆవిడ భయంగా వదులు చేసింది. బండి తన దారిన తాను పోయింది.

"కొనొచ్చా?" అంది, కళ్లు రోడ్డు మీదినుంచి తీయకుండా.

"ఏసీ లేదు, ఎండాకాలం చెమట వడ్తది. ఆయిలు చూసుకోవాలె. ఇంటాయనను తీసుకొని ఎటన్న పోవచ్చు" అన్నాను.

ఆవిడ అద్దంలో వెనక సీటు వైపు చూసింది. మా పెయింటరు తల ఊపాడు. ఆవిడకు కావలసింది ఆ తల ఊపడమే అని నాకు అర్థమైంది. నాకేమీ చిన్నతనం అనిపించలేదు.

కాయితాలు మారాక ఆవిడ ఆ బండిని మా షెడ్డుకు తెచ్చింది. బ్యాటరీ మార్చాం, ఆయిలు కారే చోట వాషరు వేశాం. అప్పుడు ఆవిడ మా పెయింటరును పిలిచి బర్రె పొడిచిన సొట్ట చూపించింది.

"ఇది తియ్యాలె అన్నా."

"ఉండనియ్యమ్మా. బండికి ఏం నష్టం లేదు."

"నష్టం గాదు. అంత మంచి పని నాకోసం గీకేసుకున్నవ్. నీ చేతిపని ఒక్కటన్న నా బండి మీద ఉండాలె."

అతను చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. లోపలినుంచి ఓనరు, "పని లేక ఈగలు కొట్టుకుంటుంటే వచ్చిన పని వద్దంటవా? పట్టు!" అని కేకేశాడు.

డోరు విప్పి, లోపలివైపు నుంచి చిన్న సుత్తితో కొంచెం కొంచెంగా కొట్టి సొట్ట తీశాడు. లప్పం ముట్టలేదు. ఎండకు వెలిసిన ఆ లేత నీలాన్ని గోటి మీద చుక్క పెట్టుకొని, ఎండలోకి పోయి, మళ్లీ వచ్చి, మళ్లీ కలిపి, సరిగ్గా పట్టాడు. సాయంత్రానికి డోరు కొత్తదానిలా ఉంది. ఒక్కటే, సొట్ట ఉన్నచోట సన్నటి ముడత ఒకటి వెంట్రుకలా మిగిలింది. దాన్ని తీయడం అతనికి చిటికెలో పని. నాకది తెలుసు, ఓనరుకు కూడా తెలుసు.

"గదేంది, మర్చిపోయినవా?" అన్నాడు ఓనరు.

"మర్చిపోలే."

ఆవిడ వచ్చి డోరు చుట్టూ తిరిగింది. చీర నేత చూసేవాళ్లు చూసినట్టు వంగి, పక్కనుంచి వెలుతురులో చూసింది. ముడత దగ్గర వేలు ఆపింది.

"ఇది నాకోసం ఉంచినవా అన్నా, గుర్తుకు?"

"నీకోసం గాదమ్మా" అన్నాడు మా పెయింటరు, డబ్బా మూత బిగిస్తూ. "నీ తర్వాత కొనెటాయన కోసం."